మేడమ్, మీరు మనిషేనా?

షిఫ్టుకు ఒక్కరైనా నన్నీ మాట అడుగుతారు. మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీ, వైట్‌ఫీల్డ్‌లో కస్టమర్ చాట్ ఉద్యోగం. మనిషినే! కానీ అడిగేవాళ్ల తప్పేం లేదు. స్క్రీన్ మీద కనబడే పేరు నాది కాదు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్నది నేను టైప్ చేసింది కాదు, షార్ట్‌కట్ నొక్కితే పడేది. ఒకేసారి మూడు చాట్‌లు చూసేవాళ్లకు అవే దిక్కు.

కాబట్టి మర్యాద మాటలు చూసి తేల్చేయకండి. వేగం చూడండి, అదీ పలకరింపులో కాదు. "రెండు వస్తువుల్లో ఒకటే వచ్చింది, దాని మీద పేరేమో మా చెల్లెలిది" లాంటి మెలిక పెట్టండి. నేనైతే పాత ఆర్డర్లు తెరిచి చూడాలి, నిమిషమైనా పడుతుంది. దేనికైనా అదే రెండు సెకన్లలో జవాబొస్తుంటే చాలావరకు బాటే, అంటే మనిషిలా జవాబులిచ్చే ప్రోగ్రామే.

ఇంకోటి, 'వద్దు' పెట్టి అడగండి. "ఆర్డర్ క్యాన్సిల్ చెయ్యొద్దు, అడ్రస్ మార్చండి చాలు" అని రాస్తే మెనూ బాట్ గబుక్కున "క్యాన్సిల్ చేయడానికి 1 నొక్కండి" అంటుంది. క్యాన్సిల్ అన్న ముక్క ఒక్కటే దానికి దొరికింది మరి. ఈ జబ్బు పాతదే. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ పరిచయం చేసిన ఎలిజా అనే చాట్ ప్రోగ్రామ్ కూడా మన మాటల్లోంచి ఓ ముక్క పట్టుకుని దాన్నే ప్రశ్నగా తిప్పి అడిగేది. అంతమాత్రానికే జనం దానితో కష్టసుఖాలు చెప్పుకున్నారట!

కొత్త బాట్ల దగ్గర ఈ ఎత్తులు పారవు. 2025లో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు ఐదేసి నిమిషాల చాట్‌లు పెట్టి చూశారు. మనిషి వేషం కట్టమని చెప్పిన జీపీటీ-4.5 అనే ఏఐని, చాట్ చేసినవాళ్లు 73 శాతం సార్లు మనిషే అనుకున్నారు. అక్షరదోషాలు చూసి నమ్మడం ఇక కుదరదు, చెబితే అవీ చేస్తుంది. "యాడుండావప్పా?" అని మా యాసలో పలకరించి చూశాను. అర్థమైంది గానీ, జవాబు మాత్రం పాఠ్యపుస్తకం తెలుగులో వచ్చింది. ఇదీ ఎన్నాళ్లో ఉండదులెండి.

అలాంటప్పుడు ఒళ్లు కదిపితే తప్ప అవ్వని పని చెప్పాలి. మా రూమ్‌మేట్ బీటీఎంలో ఇల్లు వెతుకుతూ ఒక 'ఓనర్'తో మూడు రోజులు చాట్ చేసింది. అర్ధరాత్రి రెండింటికి కూడా తడుముకోకుండా జవాబులు. "వంటింటి కుళాయి తిప్పి ఇప్పుడే పది సెకన్ల వీడియో పంపమను" అన్నాను. "తప్పకుండా! ముందు టోకెన్ 5,000 వేయండి" అని వచ్చింది. బాటో మనిషో, ఇంకేం తేల్చుకుంటాం? బ్లాక్ చేసింది. డబ్బు పంపేసి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలి.

కంపెనీ చాట్‌లో అయితే ఫోన్ చేయమని అడగండి. మొన్నొకాయన మనిషినని రుజువు చూపమన్నాడు. "ఇక్కడ వాన పడుతోంది సార్, టీ చల్లారిపోయింది" అని రాశాను.

"బాట్‌లూ ఇలాగే అంటాయి మేడమ్" అన్నాడు.

కాల్ బ్యాక్ పెట్టి, చల్లారిన టీయే తాగాను.