నిలువుటద్దానికి ఆరడుగుల గాజు అక్కర్లేదు

బెంగళూరు అద్దె ఇళ్లలో బీరువా, మంచం పోగా మిగిలిన గోడకి నిలువుటద్దం పట్టదు. పైగా గాజు చదరపు అడుగుల లెక్కన కొనాలి. తల నుంచి కాళ్ల దాకా కనిపించడానికి మన ఎత్తులో సగం అద్దం చాలు.

5 అడుగుల 6 అంగుళాల మనిషికి కళ్లు నేల నుంచి సుమారు 62 అంగుళాల ఎత్తులో ఉంటాయి. అద్దం పై అంచు కళ్లకీ నడినెత్తికీ మధ్యలో, అంటే 64 దగ్గర. కింది అంచు కళ్ల ఎత్తులో సగం, 31 దగ్గర. మొత్తం 33 అంగుళాలే! వెనక్కి జరిగితే ఇంకా ఎక్కువ కనిపిస్తుందనుకుంటాం గానీ, మన ఒంటి వరకూ దూరంతో తేడా రాదు.

ఇంట్లో అందరికీ ఒకటే అయితే పై అంచు పొడుగాయన కొలతకి, కింది అంచు పొట్టివాళ్ల కొలతకి పెట్టాలి. 5 అడుగుల ఆవిడకి కింది అంచు 28 దగ్గరికి రావాలి. అంటే 3 అడుగుల అద్దం ఇద్దరికీ సరిపోతుంది. చీర కుచ్చిళ్లూ కనిపిస్తాయి.

అద్దం గోడకి నిటారుగా ఉంటేనే ఈ లెక్క. నేల మీద పెట్టి గోడకి వాలిస్తే కుదరదు.