చక్రం విప్పే ముందు, బిగించాక

పని అయిపోయిందనుకుని చేతులు తుడుచుకుంటుంటే, కింద పరిచిన గుడ్డ మడతలో ఒక చిన్న ఇనుప బుష్ కనిపించింది. అప్పటికే వెనక చక్రం ఎక్కించేశాను, చైన్ వేసేశాను, యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు ఉన్న బలమంతా పెట్టి తిప్పేశాను. చక్రం తిప్పితే తిరుగుతోంది కూడా. ఆ బుష్ కంటపడకపోతే బండి తీసి రోడ్డెక్కేవాణ్ని. తిట్టుకుంటూ మళ్లీ అంతా విప్పాను. చక్రానికీ స్వింగ్ ఆర్మ్‌కీ (వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే చట్రం) మధ్య కూర్చోవాల్సిన స్పేసర్ అది. అది లేకుండా నట్టు బిగిస్తే స్వింగ్ ఆర్మ్ లోపలికి వంగుతుంది, లేదంటే చక్రం పక్కలకి కదలడానికి చోటు మిగిలిపోతుంది. ఇంటి ముందు నిలబెట్టి ఉంచితే ఈ రెండూ తెలియవు. వేగంలో, మలుపులో తెలుస్తాయి.

ఇంట్లో బైక్ చక్రం విప్పడం గొప్ప విద్యేమీ కాదు. టైరు మార్పించడానికో, బేరింగ్ చూసుకోవడానికో, బ్రేక్ షూలు మార్చడానికో ఎవరైనా నేర్చుకోవచ్చు. విప్పేటప్పుడు తప్పు చేస్తే బండి పడుతుంది, వేలు నలుగుతుంది, అక్కడికక్కడే తెలిసిపోతుంది. బిగించేటప్పుడు చేసిన తప్పు మాత్రం మనతోపాటు బండెక్కి వస్తుంది.

మొదలుపెట్టే ముందు

మర్నాడు పొద్దున్నే బండి కావాల్సిన రోజు, చీకటిపడే వేళ ఈ పని పెట్టుకోకండి. తొందరలో ఉన్నప్పుడు మొండికేసిన నట్టు మనిషి బుద్ధిని చెడగొడుతుంది.

బండి మాన్యువల్ చూసి మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: యాక్సిల్ నట్టు టార్క్ (ఎంత బలంతో బిగించాలో ఆ కొలత), క్యాలిపర్ (డిస్క్ బ్రేక్ ప్యాడ్లని పట్టి ఉంచే భాగం) బోల్టుల టార్క్, చైన్ ఎంత వదులుగా ఉండాలో ఆ మిల్లీమీటర్లు. ఓనర్ మాన్యువల్‌లో లేనివి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటాయి. యాక్సిల్‌కి రెండు వైపులా సరిపోయే సైజు సాకెట్లు గానీ రింగ్ పానాలు గానీ ఉండాలి. నోరు పెద్దది చిన్నది చేసుకునే పానా ఈ పనికి వద్దు. అది నట్టు మూలలు అరగదీసి జారిపోతుంది, జారినప్పుడు వేళ్ల కణుపులు వెళ్లి సైలెన్సర్‌కి కొట్టుకుంటాయి. మీ నట్టుకి స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా దూర్చి చివర్లు వంచే పిన్ను) ఉంటే కొత్తది ముందే తెచ్చి ఉంచండి. ఒకసారి వంచి తీసిన పిన్ను మళ్లీ వంచితే ఎక్కడో ఒకచోట విరుగుతుంది.

ఇంజిన్, సైలెన్సర్ పూర్తిగా చల్లారాలి. తాళం చెవి బండికి ఉంచకుండా తీసి జేబులో వేసుకోండి.

బండిని నిలబెట్టడం

నేల సమంగా, గట్టిగా ఉండాలి. మట్టి నేల అయితే స్టాండు కింద వెడల్పాటి చెక్క వేయండి. సైడ్ స్టాండ్ మీద ఉంచి, రెండో పక్క ఇటుకలు పేర్చి చక్రం విప్పేవాళ్లని చూశాను. ఇటుక పగలడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది వరుస తప్పుతారు. బండిని ముందు పైకి లేపి, ఆ తర్వాత యాక్సిల్ నట్టు మీద పడతారు. బిగిసిపోయిన నట్టు మీద పానా పెట్టి గట్టిగా లాగితే ఆ ఊపుకి బండి సెంటర్ స్టాండ్ మీద నుంచి ముందుకి దిగిపోతుంది. కాబట్టి రెండు చక్రాలూ నేల మీద ఉండగానే, ఒకరు బండి పట్టుకుని బ్రేక్ నొక్కి ఉంచితే, నట్టుని పావు చుట్టు వదులు చేయండి. ముందు ఫోర్కు అడుగున యాక్సిల్‌ని పట్టి ఉంచే పించ్ బోల్టు ఉంటే యాక్సిల్ కంటే ముందు దాన్ని వదులు చేయాలి. క్యాలిపర్ బోల్టులు కూడా ఇప్పుడే. ఆ తర్వాతే బండి లేపడం.

వెనక చక్రానికి సెంటర్ స్టాండ్ గానీ, ప్యాడాక్ స్టాండ్ (వెనక చక్రాన్ని లేపి నిలిపే విడి స్టాండు) గానీ చాలు. ముందు బ్రేక్ లీవర్‌ని హ్యాండిల్‌కి రబ్బరు పట్టీతో బిగించి కట్టేస్తే ముందు చక్రం దొర్లదు. ముందు చక్రం విప్పాలంటే ఇంజిన్ కింద జాకీ కావాలి. ఫ్రేమ్ గొట్టాలు ఇంజిన్ కిందుగా వెళ్లే బళ్లకి వాటికే ఆనించండి. ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు, సైలెన్సర్ గొట్టం, వీటిలో దేనిమీదా బరువు పడకూడదు. జాకీకీ బండికీ మధ్య చెక్క ముక్క తప్పనిసరి. వెనక చక్రం నేల మీదే ఉండి, గేరులో ఉండాలి. రెండు చక్రాలూ ఒకేసారి విప్పే ఆలోచన మానుకోండి.

లేపాక, ఇంకేమీ విప్పకముందే, సీటు వెనక పట్టుకుని బండిని మెల్లగా అటూ ఇటూ ఊపి చూడండి. పడేదైతే ఇప్పుడే పడాలి, చక్రం ఉండగానే.

విప్పేటప్పుడు

యాక్సిల్ రాకపోతే సుత్తి అందుకుంటాం. ఇనుప సుత్తితో యాక్సిల్ చివరనున్న మరల మీద నేరుగా ఒక్క దెబ్బ వేస్తే చాలు, ఆ తర్వాత నట్టు ఎక్కదు. నట్టుని యాక్సిల్ చివరికి సమంగా వచ్చేదాకా తిప్పి, పైన చెక్క పెట్టి కొట్టాలి. నిజానికి చాలాసార్లు కొట్టే పనే ఉండదు. చక్రం బరువంతా యాక్సిల్ మీద వేలాడుతుంటే అది కదలదు. మీ పాదాన్ని టైరు కిందికి తోసి చక్రాన్ని ఒక వెంట్రుకవాసి లేపి చూడండి. చేత్తో లాగితేనే వచ్చేస్తుంది. బిగించేటప్పుడూ ఇదే కిటుకు.

చైన్ తీసేటప్పుడు వేళ్లు చైన్‌కీ స్ప్రాకెట్‌కీ (చైన్ ఎక్కే పళ్ల చక్రం) మధ్యకి వెళ్లకుండా చూసుకోండి. చక్రాన్ని చేత్తో తిప్పినా వేలు నలుగుతుంది. ఇంజిన్ స్టార్ట్ చేసి, గేరులో వేసి, తిరిగే చైన్‌కి గుడ్డ పట్టి తుడిచే అలవాటు కొందరికి ఉంది. గుడ్డ చిక్కుకుంటే దాన్ని పట్టుకున్న వేళ్లు కూడా పళ్ల మధ్యకి వెళ్తాయి. ఆ పని ఇంజిన్ ఆపి, చేత్తో తిప్పుతూ చేసేదే.

వెనక చక్రం బయటికి వచ్చేటప్పుడు స్ప్రాకెట్ ఉన్న భాగం హబ్ (చక్రం నడిమి భాగం) నుంచి విడిగా ఊడి రావచ్చు. లోపల రబ్బర్లు ఉంటాయి. ఊడిందని కంగారు పడనక్కర్లేదు, కొన్ని బళ్లలో దాని తీరే అంత. రబ్బర్లు పగిలాయేమో, నలిగి సన్నబడ్డాయేమో చూడటానికి ఇదే సమయం.

డిస్క్ బ్రేక్ ఉన్న బండి అయితే క్యాలిపర్‌ని బ్రేక్ గొట్టానికి వేలాడదీయకండి. తాడుతో ఫ్రేమ్‌కి కట్టండి. డిస్కు బయటికి వచ్చిన మరుక్షణం ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క దూర్చండి. చక్రం లేనప్పుడు ఎవరైనా, ఎక్కువగా ఇంట్లో పిల్లలు, లీవర్ నొక్కితే పిస్టన్లు ముందుకి వచ్చి ప్యాడ్లు దగ్గరపడతాయి. తర్వాత డిస్కు దూరదు. గట్టిగా నాలుగుసార్లు నొక్కితే పిస్టన్ మొత్తం బయటికి వచ్చి ఆయిల్ కారుతుంది. విప్పిన చక్రాన్ని డిస్కు కిందికి వచ్చేలా పడుకోబెట్టకూడదు. పాత టైరో, రెండు చెక్కలో వేసి, డిస్కు నేలకి తగలకుండా ఉంచండి.

డ్రమ్ బ్రేక్ విప్పితే లోపల నల్లటి పొడి ఉంటుంది. నోటితో ఊదకండి, గాలి కొట్టకండి. పాత బ్రేక్ షూల పొడిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో చుట్టి పారేయండి.

ఊడిన ప్రతి వస్తువునీ గుడ్డ మీద ఎడమ నుంచి కుడికి, బండిలో ఉన్న వరుసలోనే పెట్టండి. ఎడమ స్పేసర్, కుడి స్పేసర్ చాలా బళ్లలో ఒకే పొడవు ఉండవు. విప్పకముందే రెండు వైపులా ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మొదట చెప్పిన ఆ బుష్ రోజు నేను తీయలేదు.

చక్రం చేతిలో ఉండగా బేరింగ్‌లో వేలు పెట్టి తిప్పండి. ఇసుక నలిగినట్టు గరగరలాడినా, ఎక్కడైనా పట్టేసినా దాన్ని మార్చాలి. యాక్సిల్‌ని అద్దం మీద దొర్లిస్తే వంకర ఉందో లేదో తెలుస్తుంది. బేరింగ్ కొట్టి దించడం, పుల్లలున్న రిమ్ము వంకర తీయడం ఇంట్లో పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చక్రం మాత్రం పట్టుకెళ్లి చేయించుకురావచ్చు.

బిగించేటప్పుడు

యాక్సిల్ తుడిచి, పల్చగా గ్రీజు రాయండి. పల్చగా అంటే వేలితో రాసి మళ్లీ గుడ్డతో ఒకసారి లాగేసినంత. ఆ చేతులతోనే డిస్కు ముట్టుకోవద్దు. గ్రీజు మరక పడిన డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో తుడిస్తే పోతుంది. ప్యాడ్‌కి పడితే అది లోపలికి పీల్చుకుంటుంది, ఇక ప్యాడ్ మార్చడమే. యాక్సిల్ మరలకి మాత్రం మాన్యువల్ చెబితే తప్ప నూనె, గ్రీజు పెట్టకండి. మరలు జిడ్డుగా ఉంటే అదే టార్క్‌కి నట్టు ఇంకా ఎక్కువ బిగుసుకుంటుంది.

టైరు పక్కన తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే అది బండి ముందుకి వెళ్లేటప్పుడు చక్రం తిరిగే వైపే ఉండాలి. కొత్త టైరు వేయించుకొచ్చినప్పుడు దుకాణం వాళ్లు తిప్పి వేసిన సందర్భాలు లేకపోలేదు, ఎక్కించకముందే చూసుకోండి.

డ్రమ్ బ్రేక్ ఉన్న చక్రంలో ఒక చోట కళ్లు పెట్టి చూడాలి. బ్రేక్ ప్లేటు చక్రంతోపాటు తిరగకుండా ఆపేది ఒకటుంటుంది. ముందు చక్రానికైతే చాలావరకు ఫోర్కు మీద ఉన్న పొడుచుకొచ్చిన భాగం ప్లేటు గాడిలో కూర్చుంటుంది. వెనకైతే టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ, దానికో బోల్టు, స్ప్లిట్ పిన్ను. గాడి కలవకుండా యాక్సిల్ దూర్చినా, ఆ పట్టీ బోల్టు మరిచినా, బ్రేక్ వేసిన క్షణంలో ప్లేటు తిరిగిపోయి, రాడ్డునీ కేబుల్‌నీ చుట్టేసుకుని చక్రం పట్టేస్తుంది. మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడే ప్రమాదం ఇది. స్పీడోమీటర్ పళ్ల చక్రం ముందు హబ్‌లో ఉన్న బండికి అది కూడా తన గాడిలో కూర్చుందా చూడండి. కూర్చోకుండా బిగిస్తే నలిగిపోతుంది. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉంటే సెన్సర్ వైరు ఎక్కడా నలగకూడదు, సెన్సర్ మొన మీద ఇనుప రజను లేకుండా తుడవాలి, పళ్ల రింగుకి దెబ్బ తగలకూడదు.

వెనక చక్రంలో చైన్ వదులు చూసుకోవడం కూడా ఇప్పుడే. చిన్న బళ్లలో చాలావాటికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కానీ మీ బండికి మాన్యువల్‌లోని అంకే లెక్క. చైన్ అన్ని చోట్లా ఒకేలా సాగదు, అందుకని చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, ఎక్కడ బిగువుగా ఉందో అక్కడ కొలవండి. చైన్ బిగువు సరిచేసే అడ్జస్టర్ మీది గీతలు రెండు వైపులా ఒకే చోట ఉండాలి. అనుమానం వస్తే కొంచెం వదులు వైపే ఉంచండి. మరీ బిగువైన చైన్ గుంటలో పడినప్పుడు ఇంకా బిగిసి, గేర్‌బాక్స్ బేరింగ్‌ని తినేస్తుంది.

టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానా) కొనడం దండగ అనుకునేవాళ్లకి ఒక లెక్క. 60 న్యూటన్ మీటర్లు అంటే 30 సెంటీమీటర్ల పానా చివర సుమారు 20 కిలోల బరువు వేలాడదీసినట్టు. చేత్తో ఇది అంచనా కట్టగలమనే అనుకుంటాం. పానా పొడవు మారితే అంచనా కూడా గల్లంతవుతుంది. పించ్ బోల్టుల దగ్గర ఇది మరీ ముఖ్యం. ఫోర్కు అడుగు భాగం అల్యూమినియం, అతిగా బిగిస్తే ఫోర్కే పగలొచ్చు.

ముందు చక్రానికి బిగింపు వరుస ఉంది. యాక్సిల్ నట్టు బిగించి, బండి కిందికి దించి, ముందు బ్రేక్ పట్టుకుని షాకబ్సర్లని నాలుగైదుసార్లు గట్టిగా కిందికి నొక్కాలి. ఫోర్కులు తమ చోట తాము సర్దుకుంటాయి. ఆ తర్వాతే పించ్ బోల్టు. ఇది తిరగేస్తే ఫోర్కులు వంకరగా పట్టుకుని, షాకబ్సర్లు బిగుసుకున్నట్టు ఆడతాయి. ముందు డిస్కు ఉన్న బండికి, ఈ నొక్కుడు కంటే ముందే లీవర్ పని చూసుకోవాలి.

ఆ లీవర్ గురించి ఇంకొంచెం చెప్పాలి. చక్రం విప్పినప్పుడు ప్యాడ్లు వెనక్కి జరుగుతాయి. బిగించాక మొదటిసారి నొక్కితే లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బ్రేక్ పడదు. రెండో నొక్కుకి కొంచెం, మూడో నాలుగో నొక్కుకి గట్టిపడుతుంది. ఈ నొక్కులు బండి నిలబడి ఉండగా పడాలి, రోడ్డు మీద ఎదురుగా ఏదో వచ్చినప్పుడు కాదు. వెనక డిస్కు ఉంటే పెడల్ కూడా అలాగే. ఎన్ని నొక్కినా మెత్తగానే ఉంటే లైనులో గాలి చేరి ఉంటుంది, దాన్ని తీయించేదాకా బండి నడపొద్దు.

మొదటి ఫర్లాంగు

ఎక్కకముందు నడిపించండి. తోసుకుంటూ పది అడుగులు వేసి ముందు బ్రేక్, మరో పది అడుగులకి వెనక బ్రేక్. చక్రం గాల్లో ఉండగా తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమనకూడదు. తర్వాత ఖాళీ చోట 20 కిలోమీటర్ల వేగంలోపే ఒక చుట్టు. దిగి హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకుండా దగ్గరగా. బ్రేక్ వాడకుండానే వేడెక్కితే ఏదో రాసుకుంటోంది. టైరు కొత్తదైతే మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో బండిని ఎక్కువ వాల్చకండి, కొత్త రబ్బరు జారుతుంది.

చివరిగా తెల్ల పెయింటు మార్కర్‌తో యాక్సిల్ నట్టు మీద నుంచి స్వింగ్ ఆర్మ్ మీదికి ఒకే గీత గీయండి. ముందు ఫోర్కు దగ్గర ఇంకొకటి. 50 కిలోమీటర్లు తిరిగాక, ఆ తర్వాత బండి కడిగినప్పుడల్లా ఆ గీతని చూడండి. గీత రెండు ముక్కలై పక్కకి తప్పుకుని కనిపిస్తే నట్టు కదిలినట్టే. అప్పుడు రెంచ్‌తో బిగించి ఊరుకోకుండా, ఎందుకు కదిలిందో తెలిసేదాకా చక్రం మళ్లీ విప్పి చూడాలి.