రోజూ తిరిగే కారుకు టైర్లు: ఏది ఎలా పోల్చి కొనాలి

మన దగ్గర దొరికే మామూలు కారు టైర్లు దాదాపు అన్నీ వేసవి రకానివే. చలిదేశాల్లో 7 డిగ్రీల కిందికి దిగితే వీటి రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది కాబట్టి అక్కడ శీతాకాలానికి వేరే టైర్లు వేస్తారు. మనకా బాధ లేదు. మన టైరుకు అసలు పరీక్షలు రెండు: మే నెల మధ్యాహ్నం హైవే మీద వేడి, జూన్‌లో తొలి వాన. వీటికి తట్టుకునేది ఏదో తేల్చుకున్నాకే ధర సంగతి.

ముందు డ్రైవరు డోరు దగ్గర అతికించిన స్టిక్కరు చదవండి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లకు వచ్చే 185/65 ఆర్15 88హెచ్ తీసుకుందాం. 185 వెడల్పు, మిల్లీమీటర్లలో. సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఎత్తు అందులో 65 శాతం. రిమ్ము 15 అంగుళాలు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా పనికొస్తుంది. ఇంతకంటే తక్కువ లోడు నంబరున్న టైరు ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు. వెడల్పు పెంచాలనుకుంటే 195/60 ఆర్15 పరవాలేదు, చక్రం మొత్తం ఎత్తు 621 నుంచి 615 మి.మీ.కు తగ్గుతుంది, అంతే. రిమ్ము వెడల్పు దానికి సరిపోతుందో లేదో మాత్రం అడగండి. 195/65 వేస్తే ఎత్తు 634 అవుతుంది. బండి తిప్పేటప్పుడు టైరు లోపలి భాగాలకు రాసుకోవచ్చు. స్పీడోమీటరు కూడా పాత టైర్లతో చూపిన దానికంటే రెండు శాతం తక్కువ చూపిస్తుంది.

సైజు కుదిరాక సైడ్‌వాల్ చూడండి. ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ (అరుగుదల), ట్రాక్షన్ (పట్టు), టెంపరేచర్ (వేడిని తట్టుకోవడం) అని మూడు రేటింగులుంటాయి. మన ఎండలకు టెంపరేచర్ ‘ఎ’ ఉన్నదే మంచిది. ట్రాక్షన్ రేటింగు తడి రోడ్డు మీద తిన్నగా వెళ్తూ బ్రేకు వేస్తే దొరికే పట్టుకే వర్తిస్తుంది, మలుపులకు కాదు. ట్రెడ్‌వేర్ నంబరు ఎవరి టైరుకు వాళ్లే వేసుకుంటారు కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకే అది నికరం.

తర్వాత తయారీ తేదీ. సైడ్‌వాల్ మీద DOT అని మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెల్లో 2225 ఉంటే 2025లో 22వ వారం. అంకెలు ఒక పక్కనే ఉండొచ్చు, టైరు తిప్పి చూడండి. మన తెలుగు రాష్ట్రాల్లోనే, సదాశివపేట, చిన్నపండూరుల్లో టైర్ల ఫ్యాక్టరీలున్నా, సరుకు గోడౌనులో ఎన్నాళ్లు పడి ఉందో చెప్పేది ఆ నాలుగంకెలే. ఏడాది దాటినది వద్దనండి. నాలుగింటికీ విడివిడిగా చూడాలి, పాతదొకటి కలిపేస్తారు.

ఇక ధర. బటన్ (రోడ్డును తాకే గాడుల భాగం) లోతు కొలిచే గేజ్ చవగ్గానే దొరుకుతుంది. 1.6 మి.మీ. దగ్గర గాడిలోని గుర్తు తేలుతుంది గానీ, వానలో పట్టు అంతకు ముందే పోతుంది, 3 మి.మీ.కే మార్చేయాలి. 4,500 రూపాయల టైరు లోతు 7 మి.మీ. అయితే వాడుకునేది 4, అంటే మిల్లీమీటరుకు 1,125. 4,900 టైరు లోతు 8 అయితే 980. రబ్బరు ఒకేలా అరగదు కాబట్టి ఇది అంచనాయే, అయినా చవకైనదే లాభమన్న భ్రమ పోతుంది. రెండూ సమానంగా తోస్తే, నిలువు గాడులు వెడల్పుగా, తెరిపిగా ఉన్నదే తీసుకోండి. నిలిచిన నీటిని బయటికి నెట్టేవి అవే.

రెండే మారుస్తుంటే కొత్తవి వెనక వేయించండి. ముందు బాగుండి వెనక అరిగితే తడి మలుపులో బండి తోక తిరిగిపోతుంది, దాన్ని అదుపు చేయడం చాలా కష్టం. బాణం గుర్తుంటే అది చక్రం ముందుకు తిరిగే వైపు ఉండాలి, ‘ఔట్‌సైడ్’ అన్న పక్క బయటికే రావాలి. పసుపు చుక్క ఉంటే అది వాల్వు పక్కకు వచ్చేలా ఎక్కించమనండి, బ్యాలెన్సింగ్‌కు తక్కువ బరువులు పడతాయి. రబ్బరు వాల్వులు కొత్తవే వేయించాలి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) మానేస్తే కొత్త టైరు అంచు కొన్ని నెలల్లోనే అరిగిపోతుంది. మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు బ్రేకు, మలుపు నెమ్మదిగా. పైపొర జారుడుగా ఉంటుంది.

గాలి పొద్దున్నే, బండి తీయకముందు, స్టిక్కరు మీది అంకెకే కొట్టించండి. టైరు మీద రాసి ఉండే 44, 51 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గరిష్ఠ పరిమితులు, మీకు కావలసినవి కావు. ఔటర్ మీద ఎండలో పరుగెత్తాక 33 కాస్తా 37 చూపించడం సహజం, అప్పుడు గాలి తీయొద్దు. ‘ఎండకాలం కదా’ అని రెండు పాయింట్లు తగ్గించి కొట్టించడమైతే మరీ ప్రమాదం: గాలి తగ్గితే సైడ్‌వాల్ ఎక్కువగా మడతపడి, వేడెక్కి, పేలేది ఆ టైరే.