ఓవర్‌క్లాకింగ్ నేర్చుకుందాం – 5వ పాఠం: ఖాళీగా ఉన్నప్పుడే ఎందుకు రీస్టార్ట్ అవుతోంది?

పోయిన పాఠంలో రైజెన్ 5 5600ఎక్స్ (ఆరు కోర్లు, అంటే లెక్కలు చేసే ఆరు భాగాలున్న ఏఎండీ ప్రాసెసర్) మీద కర్వ్ ఆప్టిమైజర్ (కోర్లకు అందే వోల్టేజీని సవరించే సెట్టింగ్) మొదలుపెట్టాం. అన్ని కోర్లకూ మైనస్ 20 ఇచ్చి, సినీబెంచ్ ఆర్23 (బొమ్మ గీయించి స్కోరు ఇచ్చే టెస్టు) పది నిమిషాలు నడపమన్నాను. నడిపారు. స్కోరు పెరిగింది, వేడి తగ్గింది. ఆ తర్వాత మీలో చాలామంది ఒకే మాట చెప్పారు: "సినీబెంచ్ పాసైంది, గేములు కూడా బాగానే నడుస్తున్నాయి. కానీ పాటలు పెట్టి పక్కకు వెళ్తే చాలు, దానంతటదే రీస్టార్ట్ అవుతోంది."

ఈసారి బూస్ట్ ఓవర్‌రైడ్ (గరిష్ఠ స్పీడు హద్దును పెంచే సెట్టింగ్) చెప్పాలనుకున్నాను. అది వాయిదా. సినీబెంచ్ పది నిమిషాలు అనేది మొదటి చూపు మాత్రమేనని అక్కడే గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. ఈ పాఠమంతా దాని గురించే.

ముందుగా, మీ సిస్టమ్ అసలు ఎందుకు ఆగిందో చూడండి. ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ లోకి వెళ్లండి. అక్కడ అందరికీ మొదట కనిపించేది కెర్నల్-పవర్ 41. దాన్ని చూసి కంగారు పడకండి. అది కారణం కాదు. "పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని విండోస్ రాసుకున్న గుర్తు, అంతే. కరెంటు పోయినా అదే పడుతుంది. ఒకరు 41 కనబడిన ప్రతిసారీ కర్వ్‌లో కోత తగ్గించుకుంటూ వెళ్లి చివరికి సున్నాకు చేరారు. తీరా చూస్తే వాళ్లింట్లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు సిస్టమ్ ఆగిపోతోంది. మీ ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దాన్ని వేసుకోండి. లేదా టెస్టులు జరిగినన్నాళ్లు ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోండి. కరెంటు పోయిందా, కోర్ పడిపోయిందా తేలకపోతే రాత్రంతా చేసిన టెస్టుకు విలువ ఉండదు.

మీరు వెతకాల్సింది డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పులను రాసే విభాగం), ఈవెంట్ ఐడీ 18. అందులో "క్యాష్ హైరార్కీ ఎర్రర్" లాంటి మాటతో పాటు ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ అని, ఏ థ్రెడ్ తప్పిందో చెప్పే ఒక అంకె ఉంటుంది. 5600ఎక్స్‌లో ఒక్కో కోర్‌కు రెండు థ్రెడ్లు (ఒకేసారి నడిచే రెండు పనులు) కాబట్టి ఆ అంకెను రెండుతో భాగించండి. ఐడీ 4 అయినా 5 అయినా అది కోర్ 2 (మిగిలిన సగం వదిలేయండి). బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) కోర్ల నంబర్లు 0 నుంచి మొదలవుతాయి. ఏఎండీ వారి రైజెన్ మాస్టర్ ప్రోగ్రామ్‌లో మాత్రం 1 నుంచి. ఇక్కడ పొరబడి, బాగున్న కోర్‌ను సరిచేసి పాడైన దాన్ని వదిలేసిన వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. 18 పడలేదంటే కోర్లలో తప్పు లేదని కూడా అనుకోకండి. ఒక్కోసారి రాసుకునే వ్యవధి కూడా లేకుండా సిస్టమ్ పడిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. "సినీబెంచ్ పాసైంది, కాబట్టి స్టేబుల్" అన్న మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. ఎందుకో ఓపికగా వినండి.

కర్వ్ ఆప్టిమైజర్‌లో ఒక్కో అంకె విలువ సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్ట్‌లు. మైనస్ 20 అంటే దాదాపు 60 నుంచి 100 మిల్లీవోల్ట్‌లు కోసేశాం. ఈ కోత ఒక్క స్పీడు దగ్గర కాదు, కింది నుంచి పైదాకా అన్ని స్పీడ్ల దగ్గరా పడుతుంది. సినీబెంచ్ ఆరు కోర్లనూ ఒకేసారి పనిలో పెడుతుంది. మనం పవర్ లిమిట్లు స్టాక్‌లోనే (కంపెనీ పెట్టినట్టే) ఉంచాం కాబట్టి ప్రాసెసర్‌కు దొరికేది 76 వాట్లే. అవి ఆరు కోర్లూ పంచుకోవాలి కాబట్టి ఏ కోరూ తన గరిష్ఠ స్పీడును అందుకోలేదు. అదే ఒక్క కోర్‌కే పని పడితే ఆ కోర్ 4.6 గిగాహెర్ట్జ్ దాటిపోతుంది. మీరు పాట పెట్టి పక్కకు వెళ్లినప్పుడు జరిగేది ఇదే. నిద్రపోతున్న కోర్‌ను వెనకాల ఏదో చిన్న పని తట్టి లేపుతుంది. అది ఒక్క క్షణం పైదాకా ఎగిరి, పని ముగించుకుని మళ్లీ పడుకుంటుంది. సినీబెంచ్ ఒక్కసారి కూడా ముట్టని స్పీడ్ అది.

లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కుతున్న లారీని తలుచుకోండి. ఇంజన్ బలం, బ్రేకులు, వేడి అన్నీ అక్కడ తెలుస్తాయి. కానీ వంద స్పీడులో స్టీరింగ్ వణుకుతుందో లేదో ఆ ఘాట్ మీద తెలియదు. అది ఖాళీ లారీ హైవే మీదికి వచ్చినప్పుడే బయటపడుతుంది.

4.65 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో క్లాక్‌కు (ప్రాసెసర్ వేసే ఒక్కో అడుగుకు) ఉండే సమయం 0.215 నానోసెకన్లు. సిగ్నల్ ఆ లోపలే చేరాలి. వోల్టేజీ తగ్గేకొద్దీ ట్రాన్సిస్టర్ నెమ్మదిస్తుంది. స్పీడు తక్కువైతే సమయం ఎక్కువ కాబట్టి నెమ్మది అయినా సరిపోతుంది. పైన సరిపోదు.

రెండో కారణం ఇంకా ముఖ్యం. సినీబెంచ్ బొమ్మ గీస్తుందే గానీ, గీసింది సరైనదో కాదో చూసుకోదు. ఒక్క చుక్క తప్పు రంగులో పడినా స్కోరు వచ్చేస్తుంది. ప్రైమ్95 అనే టెస్టు ప్రోగ్రామ్ అలా కాదు. అది 1996లో మొదలైన జింప్స్ ప్రాజెక్టులో మెర్సెన్ ప్రధాన సంఖ్యలను (2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలు) వెతకడానికి పుట్టింది. దాని స్ట్రెస్ టెస్టులో జవాబులు ముందే తెలుసు, వచ్చిన లెక్కను వాటితో సరిచూస్తుంది. లెక్క నడుస్తుండగా రౌండింగ్ తప్పులు కూడా చూసుకుంటుంది. తప్పు కనబడితే "రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దేన్ 0.4" లాంటి మాట చెప్పి ఆ వర్కర్‌ను (అక్కడ నడుస్తున్న లెక్కను) ఆపేస్తుంది. సిస్టమ్ పడిపోదు, స్క్రీన్ నీలంగా మారదు, లెక్క మాత్రం తప్పింది. అదే తప్పు మీ పెళ్లి ఫోటోలు కాపీ అవుతున్నప్పుడు జరిగితే చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. నాకు రీస్టార్ట్ కన్నా దీని భయమే ఎక్కువ.

మైనస్ 30 పెట్టేసి "నాకు పనిచేస్తోంది" అనేవాళ్లను చూసి మీరు పెట్టకండి. చిప్పు చిప్పుకూ తేడా, ఒకే చిప్పులో కోర్‌కూ కోర్‌కూ తేడా. పైగా అన్నిటికన్నా మంచి కోర్లే తక్కువ కోతను తట్టుకుంటాయి. వాటికి ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజీ పెట్టి పంపారు, మనం కోయడానికి మిగిలింది కొంచెమే. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో (కోర్ల స్పీడు, వేడి చూపించే ప్రోగ్రామ్)లో కోర్ పక్కన పర్ఫ్ #1 అని ఉన్నది మీ మంచి కోర్. నా చిప్పులో ఆ కోర్ మైనస్ 6 దగ్గర ఆగింది, దాని తర్వాతది మైనస్ 9. మిగతా నాలుగూ 18 నుంచి 26 మధ్య కుదిరాయి. అందుకే "ఆల్ కోర్" వదిలేసి "పర్ కోర్"కి రండి. బయోస్‌లో అది ఎక్కడుందో మీకిప్పటికే తెలుసు.

టెస్టుకు కోర్‌సైక్లర్ వాడండి. ఇది ప్రైమ్95ను ఒక్కో కోర్ మీద విడివిడిగా నడిపే ఉచిత స్క్రిప్టు. కాన్ఫిగ్ ఫైల్‌లో మోడ్‌ను ఎస్ఎస్ఈగా ఉంచండి. ఎస్ఎస్ఈ, ఏవీఎక్స్2 అనేవి ప్రాసెసర్ లెక్కలు చేసే రెండు రకాల ఆదేశాలు. ఏవీఎక్స్2 ఇంకా బరువైనది కదా, అదే మంచి పరీక్ష కాదా అని అడుగుతారు. బరువు పెరిగితే స్పీడు తగ్గుతుంది, మళ్లీ ఘాట్ మీదికే వెళ్తాం. థ్రెడ్ ఒక్కటే ఉంచండి.

టెస్టు మొదలుపెట్టే ముందు మెమొరీ ఎక్స్ఎంపీని (ర్యామ్‌ను మామూలు కన్నా ఎక్కువ స్పీడులో నడిపే సెట్టింగ్) ఆపేయండి. చాలామంది ఇది దాటేస్తారు. మెమొరీ వల్ల వచ్చిన తప్పును కోర్ మీద వేసుకుని వారాలు పోగొట్టుకోవద్దు.

అంకెలు ఇలా మొదలుపెట్టండి: మంచి కోర్లు రెండింటికి మైనస్ 5, మిగతా వాటికి మైనస్ 15. ఒక కోర్ తప్పితే దాన్ని మాత్రమే 3 అంకెలు వెనక్కి తేవాలి. అంటే మైనస్ 15 కాస్తా మైనస్ 12 అవుతుంది. తప్పకపోతే 3 అంకెలు ముందుకు. హద్దు దొరికాక నేను ఇంకో 3 అంకెలు వెనక్కి వచ్చి అక్కడే ఉంటాను. కొందరు దీన్ని పిరికితనం అంటారు. ఆ చివరి 3 అంకెల వల్ల వచ్చే లాభం మీకు వాడకంలో తెలియదు, నష్టం మాత్రం తెలుస్తుంది.

ఈ వారం అభ్యాసం మూడు రాత్రులు, ఒక మధ్యాహ్నం. మొదటి రెండు రాత్రులు కోర్‌సైక్లర్, కోర్‌కు గంట చొప్పున ఆరు గంటలు. మూడో రాత్రి ఏమీ నడపకండి. స్లీప్ ఆపేసి, పవర్ ప్లాన్ బ్యాలెన్స్‌డ్‌లో పెట్టి సిస్టమ్‌ను అలా వదిలేయండి. తెల్లారి లేచి ఈవెంట్ వ్యూయర్ చూడండి. ఆ తర్వాతే మధ్యాహ్నం పూట ప్రైమ్95 స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ (ప్రాసెసర్‌ను బాగా వేడెక్కించే రకం టెస్టు) గంటసేపు, అన్ని కోర్ల మీదా. ఏసీ వేయకండి. మే నెలలో విజయవాడ గదిలో మీ సిస్టమ్ ఎలా ఉంటుందో అలాగే పరీక్షించాలి. ఈ ప్రాసెసర్ హద్దు 95 డిగ్రీలు, నేను 85 దాటనివ్వను.

ప్రతి మార్పునూ నోటుబుక్కులో రాయండి: తేదీ, ఆరు కోర్ల అంకెలు, ఎంతసేపు నడిచింది, ఏ కోర్ తప్పింది, గది వేడి. బయోస్ రీసెట్ అయితే మీ దగ్గర మిగిలేది ఆ పేజీ ఒక్కటే. ఆరు కోర్లూ మూడు రాత్రులు తప్పు లేకుండా దాటిన వాళ్లు మాత్రమే ఎక్స్ఎంపీ మళ్లీ వేసుకుని 6వ పాఠానికి రండి.