ఇంటి నుంచి ఆఫీసు పని: లాగిన్ కాకముందే చూసుకోవాల్సినవి

తిరుపతిలో ఉండి పని చేయబోతున్నారా? ముందు కరెంటు సంగతి తేల్చుకోండి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, రౌటర్‌కు ఉండదు. కరెంటు పోగానే మీటింగ్‌లోంచి మాయమైపోతాం. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్‌కైనా మినీ యూపీఎస్ పెట్టండి. కొనే ముందు అడాప్టర్ మీద రాసింది చదవండి: చాలావాటికి 12 వోల్టులు, కొన్నింటికి 9. ఫైబర్ డబ్బా, వైఫై డబ్బా వేరువేరుగా ఉంటే రెండింటికీ బ్యాకప్ కావాలి, ఒక్కదానికి పెట్టి లాభం లేదు. పెట్టాక మెయిన్ ఆపేసి ఒకసారి పరీక్షించండి.

ఫోన్ హాట్‌స్పాట్ కూడా ముందే కలిపి చూడండి.

మే నెల ఎండకు మిద్దె మీది గదిలో మధ్యాహ్నం కూర్చోలేరు, కింది గది చూసుకోండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టొద్దు, గాలి ఆడక వేడెక్కుతుంది. గంగమ్మ జాతర కూడా ఆ నెలలోనే. తాతయ్యగుంట దగ్గర ఇల్లయితే డప్పుల ముందు ఏ హెడ్‌సెట్టూ నిలవదు. ఆ రోజుకు సెలవు పెట్టుకోండి, వేషాలన్నా చూడొచ్చు.

2021 నవంబరు వానలకు ఊళ్లో వీధులు మునిగాయి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద వద్దు. ఉరుములు మొదలైతే ప్లగ్ పీకేసి బ్యాటరీ మీద నడపండి.

అమెరికా టీమైతే గడియారం చూసుకోండి. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30.

ఇక దర్శనానికొచ్చే చుట్టాలు. "ఇంట్లోనే ఉన్నావు కదా, అలిపిరి దాకా దింపిరా నాయనా" అంటారు. మీ డ్యూటీ టైము అమ్మకు ముందే చెప్పి పెట్టండి, వాళ్లకు ఆమే సర్దిచెబుతుంది.