కిట్ కారులో ఇంజిన్, గేర్‌బాక్స్ మార్చాక వీ5సీ దిద్దించుకోవడం ఎలా?

బ్రిటన్‌లో రిజిస్టరై తిరుగుతున్న కిట్ కారుకి, అంటే విడిభాగాలు కొని సొంతంగా కట్టుకున్న కారుకి, వేరే ఇంజిన్ బిగిస్తే ఆ సంగతి అక్కడి వాహన రిజిస్ట్రేషన్ సంస్థ డీవీఎల్‌ఏకి తెలియజేసి, లాగ్‌బుక్ (రిజిస్ట్రేషన్ పత్రం) అయిన వీ5సీని దిద్దించుకోవాలి. ఇంజిన్, దాని నంబరు, సీసీ, ఇంధనం... వీటిలో ఏది మారినా చెప్పాల్సిందే. గేర్‌బాక్స్‌కి మాత్రం వీ5సీలో గడి లేదు. నాలుగు గేర్లది తీసి ఫోర్డ్ టైప్ 9 ఐదు గేర్లది పెట్టుకున్నందుకు విడిగా దరఖాస్తు అక్కర్లేదు. అయితే కొత్త గేర్‌బాక్స్ పట్టక ఛాసిస్ (కారు అడుగు చట్రం) గొట్టాలు కోయాల్సి వస్తే అది నిర్మాణంలో మార్పు అవుతుంది. గ్రైండర్ పట్టుకునే ముందే డీవీఎల్‌ఏని అడగండి. బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే తొడుగు), మౌంట్లు, చక్రాలకి శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మార్చి సర్దుకోగలిగితే అదే మేలు.

దరఖాస్తు చిన్నదే, అసలు పని రుజువు సంపాదించడం. నంబరు, సీసీ మారినప్పుడు కొన్న ఇంజిన్ రసీదు గానీ, తయారీదారు రాతపూర్వకంగా ఇచ్చిన వివరం గానీ, ఇన్సూరెన్స్ కోసం చేయించిన తనిఖీ నివేదిక గానీ జతచేయాలి. మీరు బండి కొనక ముందే ఎవరో ఇంజిన్ మార్చి ఉంటే, గ్యారేజీ తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ధ్రువీకరణ పంపవచ్చు.

ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. నాకు ఇంజిన్ అమ్మినాయన ఇచ్చిన రసీదులో ‘1.8 ఇంజిన్, ఒకటి’ అని మాత్రమే ఉంది. నంబరు చూద్దామనుకునేసరికి ఇంజిన్ బండిలోకి దిగిపోయింది. చెక్కిన అక్షరాల మీద జిడ్డు, వాటి ముందు పొగ గొట్టాల గుత్తి, అదే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. చిన్న అద్దం, టార్చి పెట్టి, తిరగబడి కనిపించే అంకెలను ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకోవడానికి ఓ సాయంత్రం పట్టింది. ఆ తర్వాత నంబరుతో రసీదు మళ్లీ రాయించుకోవడానికి ఆయన చుట్టూ తిరిగాను. అందుకే గట్టిగా చెబుతున్నాను: ఇంజిన్ ఇంకా నేల మీద ఉండగానే నంబరున్న చోట వైర్ బ్రష్‌తో రుద్ది ఫొటో తీయండి. రసీదులో ఆ నంబరు, సీసీ, అది ఏ సంవత్సరపు ఏ కారులోంచి తీసిందో రాయించండి. ఆ తర్వాతే డబ్బు చేతిలో పెట్టండి.

వీ5సీలో పీ.1 దగ్గర సీసీ, పీ.3 దగ్గర ఇంధనం, పీ.5 దగ్గర ఇంజిన్ నంబరు ఉంటాయి. ముందు పేజీలో రంగురంగుల అంకెల గళ్లున్న కొత్త లాగ్‌బుక్ అయితే సెక్షన్ 1లో, పాతదైతే సెక్షన్ 7లో మార్పులు రాయాలి. దాన్ని రుజువుతో కలిపి డీవీఎల్‌ఏ, స్వాన్సీ, ఎస్ఏ99 1బీఏ చిరునామాకి పోస్టు చేయాలి. అసలు లాగ్‌బుక్కే వెళ్లిపోతుంది కాబట్టి ప్రతి పేజీకీ నకలు తీసి ఉంచుకోండి. బండిని తనిఖీ చేయాలనుకుంటే వాళ్లే కబురు పెడతారు.

పన్ను సంగతి కూడా చూసుకోవాలి. 2001 మార్చి 1కి ముందు రిజిస్టరైన కార్లకి పన్ను ఇంజిన్ సైజును బట్టి ఉంటుంది, గీత 1549 సీసీ దగ్గర. 1298 సీసీ ఫోర్డ్ క్రాస్‌ఫ్లో తీసి 1796 సీసీ జెటెక్ పెడితే ఆ గీత దాటినట్టే, పన్ను పెరుగుతుంది.

ఏటా చేయించాల్సిన ఎంఓటీ ఫిట్‌నెస్ తనిఖీలోని పొగ పరీక్షలో ఇంజిన్ ఎప్పటిదో నిరూపించాల్సింది బండి తెచ్చినవాళ్లే. రసీదులో సంవత్సరం రాయించమన్నది అందుకే. పొగని శుద్ధి చేసే క్యాటలిస్ట్ లేని తరంలో 1986 ఆగస్టు నుంచి వచ్చిన బళ్లకి, కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం, హైడ్రోకార్బన్లు 1200 పీపీఎం దాకా ఒప్పుకుంటారు. క్యాటలిస్ట్ ప్రమాణం వర్తిస్తే హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. పాత కార్బ్యురేటర్లతో అది దాదాపు అసాధ్యం.

ఇన్సూరెన్స్ కంపెనీకి రోడ్డెక్కక ముందే చెప్పండి.

ఇంకా రిజిస్టర్ కాని కిట్ అయితే దారి వేరు: కొత్త ఇంజిన్ బిగించాకే ఐవీఏ పరీక్షకి (రిజిస్ట్రేషన్‌కి ముందు ఒక్కో బండినీ విడిగా చూసి ఆమోదించే పరీక్ష) వెళ్లాలి, రిజిస్ట్రేషన్ దరఖాస్తుతో బండిని దేనితో ఎలా కట్టారో చెప్పే వీ627/1 ఫారం కూడా జతచేయాలి.

కొత్త వీ5సీ ఇంటికి రాగానే పీ.5 గడిలోని నంబరును మీరు తీసిన ఫొటోతో ఒక్కో అక్షరం పోల్చి చూడండి. సున్నాకీ ‘ఓ’కీ, ఒకటికీ ‘ఐ’కీ తేడా అక్కడే బయటపడుతుంది.