స్క్రీన్ రీడర్‌తో టెక్స్ట్ గేమ్స్ ఆడాలంటే కంప్యూటర్‌ని ఎలా సిద్ధం చేసుకోవాలి?

చూపు లేనివాళ్లు చూపున్నవాళ్లతో సమానంగా పోటీపడగలిగే ఆన్‌లైన్ ఆటలు ఉన్నాయి. వాటినే మడ్ అంటారు. మొదటిది 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో పుట్టింది. వీటిలో కోట ఎలా ఉందో, ఎదుట ఎవరున్నారో, కత్తి తగిలిందో తప్పిందో అన్నీ వాక్యాల్లోనే వస్తాయి. మన విశాఖలో స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడే పిల్లలందరికీ ఈ ఆటలు తెలియాలని నా కోరిక.

ముందు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఇన్‌స్టాల్ చేయండి, ఉచితమే. నేను చెప్పబోయే ఆట ఇంగ్లీషులో ఉంటుంది, కాబట్టి తెలుగు గొంతు పెట్టుకున్నవాళ్లు మార్చుకోవాలి. విండోస్ భాషల సెట్టింగుల్లో ఇంగ్లీష్ ఇండియా స్పీచ్ డౌన్‌లోడ్ చేసుకుంటే రవి, హీరా గొంతులు వస్తాయి. ఆ ఉచ్చారణ మన చెవికి తేలిగ్గా అందుతుంది. తర్వాత ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్) పట్టుకుని పి నొక్కుతూ విరామచిహ్నాలు చదవడం తగ్గించండి. లేకపోతే గీతలూ చుక్కలూ అన్నీ చదివి విసిగిస్తుంది.

ఇక మడ్ ఆటలు ఆడటానికి వాడే ప్రోగ్రామ్, మడ్‌లెట్. ఇదీ ఉచితమే. దీని సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ విభాగం ఉంది. అక్కడ ఆట నుంచి వచ్చే టెక్స్ట్‌ని స్క్రీన్ రీడర్‌కి పంపే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఖాళీ లైన్లు దాచేయండి. టైప్ చేసే చోటికీ ఆట విండోకీ మధ్య మారడానికి ఏ కీ వాడాలో కూడా అక్కడే ఎంచుకోవచ్చు. ఇది మాత్రం వదిలేయొద్దు. పోరాటంలో లైన్లు గబగబా వస్తాయి, వెనక్కి వెళ్లి బాణం కీలతో చదువుకోక తప్పదు. మాట ఆపాలంటే కంట్రోల్ నొక్కితే చాలు.

మొదటి ఆటగా అకాయా మంచిది. మడ్‌లెట్ జాబితాలోనే ఉంటుంది. లోపలికి వెళ్లగానే కాన్ఫిగ్ స్క్రీన్‌రీడర్ ఆన్ అని ఇంగ్లీషులో టైప్ చేయండి. స్క్రీన్ రీడర్‌కి అడ్డొచ్చేవి తగ్గుతాయి.

చాలామంది తికమకపడేది దిక్కుల దగ్గరే. ఎన్ ఉత్తరం, ఎస్ దక్షిణం, ఈ తూర్పు, డబ్ల్యూ పడమర. ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడ్డారనుకోండి. ఎదురుగా సుమారుగా తూర్పు, ఎడమచేతి వైపు కైలాసగిరి, కుడివైపు పోర్టు. కైలాసగిరి వైపు అడుగేయాలంటే ఎన్ నొక్కి ఎంటర్. అలా ఒక్కో అడుగుకీ లుక్ అని టైప్ చేసి, ఏయే దారులున్నాయో వినండి. మొదట్లో నాలుగైదు గదులు (ఆటలో ఒక్కో చోటునీ గది అంటారు) దాటకుండా అక్కడే తిరిగితే మ్యాప్ మనసులో కూర్చుంటుంది.

వచ్చేదంతా అక్షరాలే కాబట్టి డేటా ఖర్చు చాలా తక్కువ. తుఫాను రోజుల్లో కరెంటు పోయి వైఫై ఆగినా, ల్యాప్‌టాప్‌లో ఛార్జ్, ఫోన్‌లో సిగ్నల్ ఉంటే హాట్‌స్పాట్‌తో ఆడుకోవచ్చు. ఎక్కడైనా చిక్కుకుంటే టెన్షన్ పడకుండా కొత్తవాళ్ల కోసం ఉన్న న్యూబీ ఛానెల్‌లో అడగండి. స్క్రీన్ రీడర్ వాడుతున్నామని ముందే చెబితే సమాధానం కూడా దానికి తగ్గట్టు ఇస్తారు.